తంగేడా? కసిందా? కొమ్మ చూసి తెలుసుకుందాం

"ఏదో అడవికాయ తిన్నాడండీ" అంటూ పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చే తల్లిదండ్రులను మేము మొదట అడిగేది ఒక్కటే: ఏ చెట్టు కాయ? చాలామంది "పసుపు పూల చెట్టు" అంటారు. అంతవరకే తెలిస్తే చాలదు.

గుట్టల మీద, రాతి నేలల్లో, ఎండకు చావకుండా పసుపు పూలు పూసే పొద తంగేడు. ఇది మన దేశపు మొక్కే. తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. దీని బెరడుతో తోళ్ళు పదును చేస్తారు. దీనికి దగ్గరి చుట్టం కసింద. కొందరు కసివింద అంటారు. ఇది వానలకు మొలిచి బాటల పక్కన, దిబ్బల మీద, బడి వెనుక పెరుగుతుంది. దీని గింజలు పిల్లలకు విషం.

ఆకు చూడండి. తంగేడు రెమ్మకు చిన్న గుండ్రని ఆకులు ఎనిమిది నుంచి పన్నెండు జతలుంటాయి. తొడిమ మొదట్లో చెవిలాంటి చిన్న ఆకు ఒకటి అంటుకుని ఉంటుంది. మాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే. కసిందకు ఆ చెవి ఉండదు. దాని ఆకులు పెద్దవి, కొనదేలినవి, నాలుగైదు జతలే. తొడిమ మొదట్లో ఆవగింజంత నల్లని మొటిమ కనిపిస్తుంది. నలిపితే దుర్వాసన. ఇక కాయ: తంగేడుది కాగితంలా పలుచన, గింజల మధ్య అణగి ఉంటుంది. కసిందది సన్నగా, కొంచెం వంగి, ఎండితే గోధుమరంగుకు తిరిగి అంచులు లేతగా ఉంటాయి. ఆడుకునే పిల్లలు ఒలిచి తినేది దీన్నే.

పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చలికాలం ముందు చిన్నపిల్లలు వాంతులతో మొదలై, మగతలో పడి, కొద్దిరోజుల్లోనే చనిపోయేవారు. చాలాకాలం దాన్ని మెదడువాపు అనుకున్నారు. కాలేయం, కండరాలు, మెదడు మూడూ దెబ్బతింటున్నాయనీ, అందుకు కసింద కాయలే కారణమనీ 2007లో బిజ్నోర్ జిల్లాలో చేసిన పరిశోధన చూపింది. 2016లో మన ఆంధ్ర సరిహద్దునే ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరిలో ఎందరో పిల్లలు చనిపోయినప్పుడు, మెదడువాపుతో పాటు ఈ గింజలనూ నిపుణులు కారణంగా చెప్పారు.

ఈ విషానికి విరుగుడు మందు లేదు. అందుకే త్వరగా రావడం ముఖ్యం. ఉప్పునీళ్ళు తాగించి కక్కించకండి, పసరులు పోయకండి. పిల్లవాడు ఆడుతూనే ఉన్నా 108కి ఫోన్ చేసి బయలుదేరండి. ఎన్ని గింజలు, ఎన్ని గంటలకు తిన్నాడో గుర్తుపెట్టుకోండి. ఒట్టి ఆకు కాదు, ఆకు, పువ్వు, కాయ ఉన్న కొమ్మ తెండి. ప్లాస్టిక్ కవరులో వేస్తే చెమర్చి వాడిపోతుంది, పాత పేపరులో చుట్టండి. కొమ్మ కోసం వెతుకుతూ ఆలస్యం చేయవద్దు. మరొకరిని పంపి, పిల్లవాణ్ణి తీసుకుని మీరు ముందు రండి.

షుగరుకు తంగేడు పూల కషాయం తాగేవారికి ఒక మాట. ఆ పూలు కోసేది చిన్నపిల్లలైతే ఈ గుర్తులు వాళ్ళకూ చూపించండి. కషాయం తాగుతున్నాం కదా అని మాత్రలు మాత్రం మానకండి. ఇంటి చుట్టూ కసింద మొలిస్తే కాయ పట్టకముందే వేళ్ళతో సహా పీకేయండి.