ఇటుకల రైలుకు మోటారు

ఆటవస్తువులలో రైలుబండికి ఒక ప్రత్యేక స్థానము కలదు. బొమ్మగుఱ్ఱము నిలిచియున్నను పిల్లలకు తృప్తియే. కదలని రైలు మాత్రము ఎవరికిని రుచింపదు. ప్లాస్టిక్ ఇటుకలను ఒకదానిపై నొకటి పేర్చి ఇంజనును, పెట్టెలను స్వయముగా కట్టుకొనువారికి ఈ చిక్కు మఱింత పెద్దది. దుకాణములో దొరకు మామూలు బొమ్మరైలుకు తగిన మోటారును తయారుచేసినవారే అమర్చియుందురు. ఇటుకల రైలులో నన్ననో, కట్టినవాడే ఇంజనీరు. ఏ మోటారు పెట్టవలెను, దానికి విద్యుత్తును ఎచ్చటినుండి తేవలెను అను రెండు ప్రశ్నలకును అతడే సమాధానము వెదకుకొనవలెను. ఈ సామగ్రి చౌకయైనది కాదు. తప్పుగా ఎన్నుకొన్నచో నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము వ్యర్థమగును.

ఈ రైలు పుట్టినిల్లు డెన్మార్కు దేశములోని బిలుండ్ అను చిన్న ఊరు. ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి 1932లో అచ్చట కొయ్యబొమ్మలు చేయ నారంభించెను. 1934లో తన సంస్థకు ‘లెగో’ అని పేరు పెట్టెను. ‘చక్కగా ఆడుకొనుము’ అను అర్థమిచ్చు రెండు డేనిష్ మాటల ముక్కలను కలిపి కూర్చిన పేరది. గట్టిగా అతుకుకొను నేటి ఇటుకకు 1958లో పేటెంటు కోరిరి. మఱి ఎనిమిదేండ్లకు, అనగా 1966లో, విద్యుత్తుతో నడచు ఇటుకల రైలు వెలువడెను.

రైలుకు విద్యుత్తు నందించుటకు మార్గములు రెండే. బండియే తన శక్తిని మోసికొనిపోవుట ఒకటి. దారిపొడవునను బయటినుండి శక్తి నందుకొనుట రెండవది. నిజమైన రైళ్ళ చరిత్రలోను ఈ రెండును కనబడును. స్కాట్లండు దేశీయుడగు రాబర్ట్ డేవిడ్‌సన్ 1842లో బ్యాటరీలతో నడచు ఇంజనును ఎడింబరో–గ్లాస్గో మార్గముపై నడిపి చూపెను. అది గంటకు నాలుగు మైళ్ళు పోయెను. మనిషి నడక కంటె ఎక్కువ కాదు. 1879లో బెర్లిన్ ప్రదర్శనలో వెర్నర్ సీమెన్స్ నడిపిన చిన్న రైలు రెండు పట్టాల నడుమ పఱచిన మూడవ పట్టానుండి విద్యుత్తును గ్రహించెను. నేడు మన దేశములో 25,000 వోల్టుల తీగ క్రింద పరుగులెత్తు రైళ్ళు ఈ రెండవ మార్గమునకు చెందినవే.

బొమ్మరైలు కూడ ఇదే దారిని నడచుట వింతగొలుపును. 1966 నాటి రైలులో మూడు ఘటముల బ్యాటరీ ఉండెడిది. దాని పీడనము 4.5 వోల్టులు. 1968లో ఈల ఊదిన ఆగి, మరల ఊదిన కదలెడి రైలును కూడ చేసిరి. ఆ ఈల శబ్దమునకు ఇంటిలోని పెద్దలు ఎన్నాళ్ళు ఓర్చుకొనిరో తెలియదు! 1969లో గోడ ప్లగ్గునకు తగిలించు ట్రాన్స్‌ఫార్మరును, పట్టాల నడుమ విద్యుద్వాహకములను అమర్చి 12 వోల్టుల పద్ధతిని తెచ్చిరి. 1980 నుండి కొన్నేండ్లు ఆ పద్ధతిలోనే సిగ్నళ్ళను, దారి మళ్ళించు పట్టాలను దూరమునుండి నడపు ఏర్పాట్లు కూడ ఉండెను. 1991లో చక్రములు నడచు రెండు పట్టాలకే లోహపు తొడుగు వేసి 9 వోల్టుల పద్ధతిని ప్రవేశపెట్టిరి. 2006 తరువాత లోహపు పట్టాలు క్రమముగా మానివేయబడినవి. అటుపిమ్మట వచ్చిన రైళ్ళన్నియు మరల బ్యాటరీని తమతో మోసికొనిపోవునవే.

ఇక మోటారు విషయము. దీని స్వభావము తెలియనిదే ఎన్నిక సాధ్యము కాదు. మోటారులో అయస్కాంతముల నడుమ తీగచుట్ట యొకటి తిరుగుచుండును. దానిలోనికి విద్యుత్తు పోయినపుడు అయస్కాంతము దానిని త్రోయును. ఎంత విద్యుత్తు ప్రవహించిన అంత త్రిప్పుబలము పుట్టును. కాని తిరుగుచున్న తీగచుట్ట ఊరకుండదు. తానును ఒక చిన్న డైనమోవలె పనిచేసి, వచ్చు విద్యుత్తును ఎదిరించును. వేగము పెరిగినకొలది ఈ ఎదురు పెరుగును. బరువు లేని మోటారు మిక్కిలి వేగముగా తిరుగుచు స్వల్పమైన విద్యుత్తునే గైకొనును. పెట్టెలు తగిలించినపుడు వేగము తగ్గును, ఎదురు తగ్గును, విద్యుత్తు ఎక్కువగా ప్రవహించి త్రిప్పుబలము పెరుగును. రైలు లాగలేక నిలిచిపోయినచో ఎదురు బొత్తిగా ఉండదు. అపుడు ప్రవాహము మిక్కుటమై తీగచుట్ట వేడెక్కును. ‘ఇంకొక పెట్టె తగిలించి చూతము’ అను ఉత్సాహము మోటారునకు చేటు తెచ్చుట ఈ కారణముననే. మంచి బొమ్మ మోటారులలో వేడి మితిమీరినపుడు ప్రవాహమును తగ్గించు రక్షణ ఉండును. మోటారు హఠాత్తుగా మెత్తబడి కొంతసేపటికి మరల కోలుకొన్నచో అది చెడిపోయినదని తలపరాదు. ఆ రక్షణ పనిచేసినదని గ్రహింపవలెను.

రైలు లాగవలసిన భారము పెట్టెల బరువు మాత్రమే అని చాలమంది తలంతురు. అసలు శత్రువు వంపు. రెండు చక్రములు ఒకే ఇరుసునకు బిగింపబడియున్నపుడు అవి సమానముగా తిరుగును. వంపులో వెలుపలి పట్టా పొడవు ఎక్కువ, లోపలి పట్టా పొడవు తక్కువ. నిజమైన రైలు చక్రములను శంకువును నఱికినట్లు కొంచెము ఏటవాలుగా చేసి ఈ భేదమును సరిపుచ్చుదురు. బొమ్మచక్రమునకు అట్టి సౌకర్యము చాలదు. ఏదో ఒక చక్రము జారియే తీరవలెను. ఎంత జారవలెనో లెక్కించి చూడుడు. ఈ పట్టాల నడుమ దూరము సుమారు 3.75 సెంటీమీటర్లు. ఒక పూర్తి వలయము తిరిగినపుడు వెలుపలి, లోపలి పట్టాల భేదము ఆ దూరమునకు సుమారు 6.28 రెట్లు, అనగా 23 సెంటీమీటర్లకు పైగా. వలయము పెద్దదైనను చిన్నదైనను ఈ భేదము మాఱదు! ఇది మొదట నమ్మశక్యముగా తోచదు. కాగితముపై రెండు వలయములు గీసి లెక్క కట్టినవారికి సందేహము తీరును. ఈ సంస్థవారి సాధారణ వంపుపట్టాలు పదునారు కలిపిన ఒక వలయమగును. దాని వ్యాసార్ధము సుమారు 32 సెంటీమీటర్లు, చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు. ప్రతి మీటరుకు దాదాపు 12 సెంటీమీటర్ల జారుడన్నమాట. అదే భేదమును నాలుగు మీటర్ల వలయముపై పఱచినచో మీటరుకు 6 సెంటీమీటర్లే. స్థలమున్నవారు వంపును విశాలముగా వేసికొనుట మఱొక మోటారు కొనుటతో సమానము.

మోటారులో బలమున్నంత మాత్రమున రైలు కదలదు. చక్రము పట్టాను పట్టుకొనవలెను. ఈ పట్టు నడుపుచక్రములపై పడు బరువును, ఘర్షణను అనుసరించి యుండును. మాటవరుసకు ఇంజను బరువు 800 గ్రాములనియు, అందులో సగము మాత్రమే నడుపుచక్రములపై పడుచున్నదనియు, ఆ బరువులో నాలుగవ వంతు పట్టుగా మాఱుననియు అనుకొందము. అపుడది 100 గ్రాముల బలముతో మాత్రమే లాగగలదు. అంతకు మించినచో చక్రములు నిలిచిన చోటనే గిరగిర తిరుగును. బ్యాటరీ పెట్టెను సరిగా మోటారుపైకి జరిపి నడుపుచక్రములపై 600 గ్రాములు పడునట్లు చేసినచో లాగుబలము 150 గ్రాములగును. ఇందుకు ఒక్క పైసయైన ఖర్చు లేదు. చక్రములకు తొడుగు రబ్బరు వలయములు కూడ పట్టును పెంచును. ఇంజనులో బరువైన వస్తువు బ్యాటరీయే గనుక దానిని వెనుక పెట్టెలో దాచుట అందమునకు బాగుండవచ్చును గాని, పనికి బాగుండదని నా అభిప్రాయము.

మోటారులలో ప్రధానముగా రెండు తెగలు కలవు. మొదటిది చక్రములతో సహా సిద్ధముగా వచ్చు రైలు మోటారు. దీనిని ఇంజను అడుగున తగిలించినచో చాలును. కొత్తవారికి ఇదియే తగినది. డీజిలు, విద్యుత్తు ఇంజనుల నమూనాలకు ఇది చక్కగా అమరును. ఆవిరి ఇంజనునకు మాత్రము పెద్దచక్రములు, వానిని కలుపు కడ్డీలు బయటికి కనబడవలెను గనుక మోటారును బాయిలరులో దాచి, పళ్ళచక్రముల ద్వారా బలమును క్రిందికి దింపవలెను. ఇందుకు రెండవ తెగకు చెందిన సాధారణ మోటారులు వాడుదురు. 2009లో వెలువడిన ‘ఎమరాల్డ్ నైట్’ అను ఆవిరి రైలు ఇట్లే పెద్ద మోటారును లోపల ఇముడ్చుకొనునట్లు రూపొందింపబడినది. ఈ తెగలో చిన్న మోటారు వేగముగా తిరుగును, బలము తక్కువ. పెద్దది నెమ్మదిగా తిరుగును, బలము ఎక్కువ.

పళ్ళచక్రములతో ఈ రెంటిని కొంత మార్చుకొనవచ్చును. చుట్టుకొలత 9.4 సెంటీమీటర్లుగల చక్రము నిమిషమునకు 200 మాఱులు తిరిగినచో బండి 18.8 మీటర్లు పోవును. మోటారువైపు 20 పళ్ళ చక్రమును, ఇరుసువైపు 12 పళ్ళ చక్రమును పెట్టినచో వేగము 31 మీటర్లు దాటును గాని, త్రిప్పుబలము అయిదింట మూడు వంతులకు దిగజారును. వేగమును కొని బలమును చెల్లించుచున్నాము; రెండును ఒక్కసారి పెరుగవు.

ఇపుడు విద్యుత్తు. లోహపు పట్టాల పద్ధతిలో ఘటములు మార్చు బాధ లేదు, బండి తేలికగా ఉండును, గంటల తరబడి తిరుగును. ప్రదర్శనలలో దీనిని నేటికిని కొందఱు విడువకుండుటకు ఇదియే కారణము. కాని పట్టాలపై మురికి పేరుకొన్న విద్యుత్తు అందదు. మెత్తని గుడ్డతో తుడుచుచుండవలెను. దారి పొడవైనచో దూరమున పీడనము తగ్గును గనుక రెండు మూడు చోట్ల తీగలు కలుపవలసివచ్చును. ఒకే దారిలోని బండ్లన్నియు ఒక్కసారే కదలును, ఒక్కసారే ఆగును. పైగా బండి వలయము తిరిగి తాను వచ్చిన దారినే ఎదురుగా కలియునట్లు పట్టాలు వేసినచో ఎడమ పట్టా కుడి పట్టాతో కలిసి విద్యుత్తు అడ్డదారి పట్టును. అన్నిటిని మించి, అట్టి పట్టాలు ఇప్పుడు ఆ సంస్థ చేయుట లేదు. పాతవి కొనవలెను, వెల ఎక్కువ.

బ్యాటరీ పద్ధతిలో దారిని ఎట్లయినను మెలిత్రిప్పవచ్చును. ఇందు ఆఱు ఘటములు వాడుదురు. సాధారణ ఘటమునకు 1.5 వోల్టుల చొప్పున మొత్తము 9 వోల్టులు. మరల మరల చార్జి చేయదగిన నికెల్ ఘటమునకు 1.2 వోల్టులే గనుక మొత్తము 7.2, వేగము ఇంచుమించు అయిదవ వంతు తగ్గును. ఐనను రైలును తఱచుగా నడపువారికి ఇవే లాభకరము. సాధారణ ఘటములు వాడి పాఱవేయువాడు ఏడాది తిరుగకమునుపే రైలు వెలను ఘటములకే పోయవలసివచ్చును. సన్న ఘటముల కంటె లావు ఘటములు రెట్టింపు కాలము పనిచేయును. బరువు కూడ రెట్టింపే. ఇంతకుముందు చెప్పినట్లు ఆ బరువు నడుపుచక్రములపై పడినచో అది దోషము కాదు, గుణమే. పాత ఘటములను క్రొత్తవానితో కలుపరాదు. పాతది ముందుగా వట్టిపోయి, తక్కినవాని ప్రవాహము దానిలో ఎదురుగా పోవగా అది కాఱిపోవును. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును ఏ మోటారునకును సూటిగా తగిలింపరాదని వేఱుగా చెప్పనక్కఱలేదు.

నడపు సాధనములందును భేదము కలదు. 2009 నాటి ‘పవర్ ఫంక్షన్స్’ పద్ధతి కంటికి కనబడని పరారుణ కిరణములతో పనిచేయును. కిరణమునకు అడ్డము రాగూడదు. బండి సొరంగములో దూఱినపుడు మన ఆజ్ఞ దానికి చేరదు, ఎండలోను తడబడును. 2018లో వచ్చిన ‘పవర్డ్ అప్’ పద్ధతి బ్లూటూత్ రేడియో తరంగములను వాడును; అడ్డము వచ్చిన చిన్న వస్తువులు దానిని ఆపలేవు. కాని ఈ రెంటి ప్లగ్గులు ఒకదానిలో నొకటి ఇమడవు. పాత మోటారు చౌకగా దొరకినదని తొందరపడి కొనువాడు, తన దగ్గఱనున్న బ్యాటరీ పెట్టె ఏ పద్ధతిదో ముందుగా చూచుకొనవలెను.

కొత్తగా ఆరంభించువాడు సిద్ధమైన రైలు మోటారు నొకటి, ఇప్పటి పద్ధతి బ్యాటరీ పెట్టె నొకటి, చార్జి చేయదగిన ఘటములు ఆఱింటిని కొనుట మేలు. మూడు నాలుగు తేలికైన పెట్టెలకు అది చాలును. బండి సిద్ధమైన తరువాత పది నిమిషములు వంపుదారిలోనే నడిపి, మోటారుపై చేయివేసి చూడవలెను. గోరువెచ్చగా నున్నచో ఇంకొక పెట్టె తగిలింపవచ్చును. చేయి నిలువలేనంత వేడిగా నున్నచో ఒక పెట్టెను విప్పివేయవలెను. లేదా ఇంజను రెండవ కొనలో మఱొక మోటారు నమర్చవలెను. బ్యాటరీ పెట్టెలో రెండు మోటారులకు చోటుండును. రెండవదానిని ఎదురుముఖముగా బిగించినపుడు అది వెనుకకు తిరుగునట్లు మార్చుకొనవలెను. లేనియెడల రెండు మోటారులు చెరియొక ప్రక్కకు లాగి, రైలు ఉన్నచోటనే నిలిచి మూలుగును.