బడిపంతులు ఊదిన శాక్సఫోన్



శాక్సఫోన్ అనగానే మనకు కద్రి గోపాల్‌నాథ్ గారు గుర్తొస్తారు. 2019లో ఆయన కన్నుమూసినా ఆ నాదం మన చెవుల్లోనే ఉంది. కర్ణాటక సంగీతం పలికిన ఆ ఆల్టో శాక్సఫోన్, అమెరికాలో వేరే భాష మాట్లాడింది. ఆ ముచ్చట ఈరోజు చెప్పుకుందాం.

కానన్‌బాల్ ఆడర్లీ 1928లో ఫ్లోరిడాలో పుట్టాడు. మొదట ఆయనా నాలాగే బడిపంతులు. ఫోర్ట్ లాడర్‌డేల్ ఉన్నత పాఠశాలలో పిల్లలకు బ్యాండు నేర్పేవాడు. 1955లో న్యూయార్క్ చేరి జాజ్ సంగీతంలో పేరు తెచ్చుకున్నాడు.

1966 అక్టోబరులో ఆయన బృందం 'మెర్సీ, మెర్సీ, మెర్సీ' అనే ఆల్బమ్ రికార్డు చేసింది. మెర్సీ అంటే దయ. ఇది 'సోల్ జాజ్' అనే పద్ధతి. అమెరికా నల్లజాతివారి చర్చి పాటల్లోని ఆర్తిని, బ్లూస్ పాటల్లోని బాధను జాజ్‌లో కలిపితే వచ్చిన పద్ధతి అది. మన భజనలో ఒకరు అందిస్తే పదిమందీ అందుకుంటారు చూడండి, ఇక్కడా అంతే. వాద్యం ఒక మాట అంటుంది, జనం కేకతో బదులిస్తారు.

పేరుపాటను ఎలక్ట్రిక్ పియానో మీద నింపాదిగా ఎత్తుకుంటారు. శాక్సఫోన్, తమ్ముడు నాట్ ఊదే కార్నెట్ జంటగా అదే వరుసను నడుపుతాయి. కానన్‌బాల్ ఎంతో వేగంగా వాయించగలడు. అయినా ఈ పాటలో ఆ విద్య ప్రదర్శించడు. వరుస మెల్లగా పైకెక్కుతుంది, ఎక్కినచోట జనం కేక వేస్తారు. వేగం వినాలనుకునేవారికి ఇదే ఆల్బమ్‌లో 'శాక్ ఓ వో' ఉంది.

ఇందులో ఒక తమాషా ఉంది. షికాగోలోని ఒక క్లబ్బులో రికార్డు చేశామని అట్ట మీద రాశారు. నిజానికి హాలీవుడ్ స్టూడియోలోకి జనాన్ని పిలిచి, తాగడానికిచ్చి, కూర్చోబెట్టి రికార్డు చేశారు. చోటు అబద్ధం, కేకలు మాత్రం నిజం.

మాటల్లేని ఈ పాట 1967లో అమెరికా పాటల పట్టికలో 11వ స్థానానికి చేరింది. జనానికి నచ్చిందంటే విద్వత్తు తగ్గినట్టేనా? పాఠం కడబెంచీ పిల్లవాడికి కూడా అందితే పంతులుకు చదువు తక్కువని ఎవరూ అనరు కదా!

మరో మాట. ఆ పేరుపాట కట్టింది పియానో వాయించిన జో జావినుల్. ఆయన నల్లజాతివాడు కాదు, అమెరికాలో పుట్టినవాడూ కాదు. ఆస్ట్రియాలోని వియన్నా నుంచి 1959లో వచ్చాడు. ఆ సంగీతాన్ని ప్రేమించి, వాళ్ళ మధ్య కూర్చుని నేర్చుకుని, వాళ్ళే తమదనుకునే పాట కట్టాడు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడుకునే మనకు ఈ సంగతి వేరే విడమరచి చెప్పాలా? పరాయి నుడి మనసుకు పడితే అదీ మన నుడే.

వీలైతే ఒకసారి వినండి. సెలవు.