పాత టర్బో, కొత్త టర్బో: అరకు ఘాట్ ఎక్కితే తేడా ఎక్కడ తెలుస్తుంది?

టర్బో పెట్రోల్ కారు కొనాలనుకునేవాళ్లు స్పెక్ షీట్‌లో ముందు చూసేది పీఎస్ నంబర్. 100 పీఎస్ కన్నా 120 పీఎస్ గొప్ప, 120 కన్నా 150 గొప్ప. ఫోన్ కెమెరాకి మెగాపిక్సెల్ ఎలాగో కారుకి పీఎస్ అలాగన్నమాట. నంబర్ అబద్ధం కాదు, కానీ అసలు కథ మొత్తం చెప్పదు.

ఆ మిగతా కథ తెలియాలంటే మనకి దగ్గర్లోనే మంచి టెస్ట్ ట్రాక్ ఉంది. విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట దాకా దాదాపు మైదానమే. ఆ తర్వాత ఘాట్ మొదలవుతుంది. టైడా, అనంతగిరి దాటి గాలికొండ వ్యూ పాయింట్ చేరేసరికి సముద్రమట్టానికి 1200 మీటర్ల పైకి వచ్చేస్తాం. అక్కడి నుంచి సుంకరిమెట్ట కాఫీ తోటల మీదుగా సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న అరకు లోయలోకి దిగుతాం. అంటే ఒకే ట్రిప్‌లో ఎక్కుడు, దిగుడు, హెయిర్‌పిన్ మలుపులు, పలుచని గాలి అన్నీ దొరుకుతాయి. పాత టర్బోకీ కొత్త టర్బోకీ తేడా తెలియడానికి ఇంతకన్నా ఏం కావాలి?

టర్బో పని సింపుల్‌గా

ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగతో ఒక చిన్న టర్బైన్ తిరుగుతుంది. అదే షాఫ్ట్‌కి రెండో వైపున్న కంప్రెసర్ బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోల్, ఎక్కువ పవర్. స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే ఈ ఐడియాకి పేటెంట్ తీసుకున్నారు.

చిక్కల్లా ఒక్కటే. పొగ జోరుగా వస్తేనే టర్బైన్ జోరుగా తిరుగుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే టర్బో అందుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది. దీన్నే టర్బో ల్యాగ్ అంటారు. గత 60 ఏళ్లలో జరిగిన మార్పుల్లో చాలా భాగం ఈ ల్యాగ్‌తోనూ, నాకింగ్‌తోనూ చేసిన పోరాటమే.

పాతవి ఎలా ఉండేవి?

అమెరికాలో 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ తొలితరం టర్బో పెట్రోల్ కార్లలో ఒకటి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. వేడి గాలిలో పెట్రోల్ టైమ్‌కి ముందే తనంతట తాను అంటుకుంటుంది. అదే నాకింగ్. దాన్ని ఆపడానికి జెట్‌ఫైర్‌లో నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని విడిగా ట్యాంకులో పోసి ఇంజిన్‌లోకి చిమ్మేవారు. పెట్రోల్‌తో పాటు ఇంకో ట్యాంకు నింపుకోవడం ఎంత తలనొప్పో ఆలోచించండి.

1973లో వచ్చిన బీఎండబ్ల్యూ 2002 టర్బో వేరే దారి పట్టింది. నాకింగ్ రాకుండా కంప్రెషన్ రేషియోనే 6.9కి తగ్గించేసింది. ఫలితం: 2 లీటర్ ఇంజిన్, 170 పీఎస్, 240 ఎన్ఎం టార్క్. కానీ ఆ టార్క్ వచ్చేది 4000 ఆర్పీఎం దగ్గర. అంతకు ముందు టర్బో పూర్తిగా అందుకోదు, కంప్రెషన్ కూడా తక్కువ కాబట్టి బండి నీరసంగా ఉంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా వెనక నుంచి తోసినట్టు దూకుతుంది.

ఇప్పుడు దాని పక్కన 2024 హ్యుందాయ్ క్రెటా 1.5 టర్బోని పెట్టి చూడండి. ఇంజిన్ అర లీటర్ చిన్నది. టార్క్ 253 ఎన్ఎం. అది 1500 ఆర్పీఎం నుంచి 3500 దాకా అలాగే నిలబడుతుంది. రెండిటి మధ్య గరిష్ఠ టార్క్ తేడా 13 ఎన్ఎం మాత్రమే. అది ఏ ఆర్పీఎంలో వస్తుందన్న దగ్గరే 50 ఏళ్ల తేడా ఉంది.

మన మార్కెట్‌లోనూ ఇదే వరుస కనిపిస్తుంది. 2010లో వచ్చిన ఫియట్ లీనియా టీ-జెట్‌కి 207 ఎన్ఎం 2200 ఆర్పీఎం దగ్గర వచ్చేది. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఎకోబూస్ట్ 1 లీటర్ ఇంజిన్‌తోనే 170 ఎన్ఎంని 1400 దగ్గరికి తెచ్చింది. 2019 వెన్యూ 1 లీటర్ టర్బోకి 172 ఎన్ఎం 1500 దగ్గర, 2021 కుషాక్ 1.0 టీఎస్ఐకి 178 ఎన్ఎం 1750 దగ్గర.

లోపల ఏం మారింది?

* చిన్న, తేలికైన టర్బైన్: కొద్దిపాటి పొగకే తిరగడం మొదలుపెడుతుంది.
* డైరెక్ట్ ఇంజెక్షన్: పెట్రోల్‌ని నేరుగా సిలిండర్ లోపలికే చిమ్ముతారు. అది ఆవిరయ్యేటప్పుడు లోపలి గాలి చల్లబడుతుంది, నాకింగ్ తగ్గుతుంది. అందుకే ఇప్పుడు టర్బో ఉన్నా కంప్రెషన్ 10కి పైన పెట్టగలుగుతున్నారు. అయితే కొత్తవన్నీ ఇలా కాదు. నెక్సాన్ 1.2 టర్బోది ఇప్పటికీ పోర్ట్ ఇంజెక్షనే.
* ఇంటర్‌కూలర్: నొక్కిన గాలిని ఇంజిన్‌లోకి పోయే ముందు చల్లబరుస్తుంది.
* ఎలక్ట్రానిక్ వేస్ట్‌గేట్: టర్బైన్‌కి ఎంత పొగ వెళ్లాలో, ఎంత పక్కకి పోవాలో తేల్చే తలుపు ఇది. పాతవాటిలో స్ప్రింగ్, గాలి ఒత్తిడితో పనిచేసేది. కొత్త ఇంజిన్లలో చాలావాటికి దీన్ని ఈసీయూ మోటార్‌తో నడిపిస్తుంది.

ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కొండ మీద దీని విలువ తెలుస్తుంది.

గాలికొండ దగ్గర ఒక చిన్న లెక్క

సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి సుమారు 1.01 బార్. 1200 మీటర్ల ఎత్తులో సుమారు 0.88 బార్. అంటే దాదాపు 13 శాతం తక్కువ. టర్బో లేని కారుకి పవర్ కూడా దాదాపు అంతే పడిపోతుంది. పైన చల్లగా ఉంటుంది కాబట్టి కాస్త ఊరట, అంతే.

ఇప్పుడు స్ప్రింగ్ వేస్ట్‌గేట్ ఉన్న పాత టర్బో తీసుకుందాం. అది బయటి గాలికి 0.7 బార్ కలిపేలా సెట్ చేశారనుకోండి. విశాఖ బీచ్ రోడ్డులో మొత్తం 1.71 బార్. గాలికొండ దగ్గర 0.88 ప్లస్ 0.7, అంటే 1.58. నష్టం 8 శాతం లోపే.

కొత్త టర్బోలో ఈసీయూ మొత్తం ఒత్తిడినే కొలుస్తుంది. బయట తగ్గిందని గమనించి, వేస్ట్‌గేట్‌ని ఇంకాస్త మూసి, టర్బైన్‌ని మరింత వేగంగా తిప్పి ఆ 1.71ని నిలబెట్టడానికి చూస్తుంది. డిజైన్‌లో మార్జిన్ ఉన్నంతవరకు కొండ ఎక్కినట్టే తెలియనివ్వదు.

కానీ హెయిర్‌పిన్ మలుపు మోసపోదు

ఇక్కడే స్పెక్ షీట్ చెప్పని సంగతి ఉంది. ఈసీయూ ఎంత తెలివైనదైనా టర్బో తిరగడం మొదలయ్యాకే దాని తెలివి పనికొస్తుంది. అంతకు ముందు మీ చేతిలో ఉన్నది ఉత్త 1 లీటర్, 3 సిలిండర్ల ఇంజిన్. అదీ పలుచని గాలి పీలుస్తున్న ఇంజిన్.

ఎదురుగా ఆర్టీసీ బస్సు దిగుతోంది, మలుపులో మీ వేగం 20కి పడిపోయింది. రెండో గేర్‌లో ఆ వేగం అంటే చాలా కార్లలో ఇంజిన్ 1300–1500 ఆర్పీఎం దగ్గర ఉంటుంది. లీనియా లాంటి పాత టర్బోకి 2200 ఇంకా దూరం. మొదట పుల్లింగ్ ఉండదు, యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతారు, మలుపు మధ్యలో టర్బో ఒక్కసారి అందుకుంటుంది. తడి రోడ్డు మీద ఆ దూకుడు ప్రమాదం. కొత్త టర్బో ఆ గీతకి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి సాఫీగా లాగుతుంది. అయినా ఒక క్షణం ఆలస్యం దానికీ తప్పదు.

పరిష్కారం రెండిటికీ ఒకటే. మలుపులోకి వెళ్లే ముందే గేర్ తగ్గించి ఇంజిన్‌ని 2000 పైన ఉంచండి. బండి లాగనంటుంటే మొహమాటపడకుండా ఫస్ట్ గేర్ వేయండి. అన్నట్టు, నిటారు రోడ్డు మీద ఎక్కే బండికే ముందు దారివ్వాలన్నది మన డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. దిగేటప్పుడు మీరూ అది గుర్తుంచుకోండి.

దిగుడులో కొత్త టర్బో బలహీనత

దీని గురించి రివ్యూల్లో చాలా తక్కువగా చెబుతారు. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు బండిని వెనక్కి పట్టి ఉంచే ఇంజిన్ బ్రేకింగ్‌లో టర్బో సాయం ఏమీ ఉండదు. అక్కడ ఇంజిన్ సైజే ముఖ్యం. అంటే మీ 1 లీటర్ టర్బో ఎక్కేటప్పుడు 1.6 లీటర్ బండిలా ఎక్కుతుంది, దిగేటప్పుడు మాత్రం 1 లీటర్ బండిలానే దిగుతుంది. అదీ నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామానుతో.

కాబట్టి తిరుగు ప్రయాణంలో గాలికొండ నుంచి ఎస్.కోట వైపు దిగేటప్పుడు రెండో గేర్, అవసరమైతే ఫస్ట్. ఆటోమేటిక్ అయితే డీలో వదిలేయకుండా మాన్యువల్ మోడ్‌లో గేర్ తగ్గించి పట్టుకోండి. బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. కాలిన వాసన వస్తే వెడల్పైన చోట ఆపి చల్లారనివ్వండి. పెట్రోల్ ఆదా అని న్యూట్రల్‌లో దించడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. ఆదా కూడా ఉండదు. గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఈసీయూ పెట్రోల్‌ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఐడ్లింగ్‌కి కాలుతూనే ఉంటుంది.

వ్యూ పాయింట్ దగ్గర ఇంజిన్ వెంటనే ఆపొచ్చా?

ఘాట్ ఎక్కి వచ్చిన టర్బో బాగా వేడి మీద ఉంటుంది. దాని బేరింగ్‌లకి ఇంజిన్ ఆయిలే ఆధారం. పాతరోజుల్లో ఆయిల్ కూలింగ్ మాత్రమే ఉన్న టర్బోల్లో ఇంజిన్ టక్కున ఆపేస్తే లోపల నిలిచిన ఆయిల్ మాడి బొగ్గులా గడ్డకట్టేది. కొత్తవాటిలో టర్బోకి కూలెంట్ కూడా తిరుగుతుంది. కొన్నిటిలో ఇంజిన్ ఆపాక కూడా ఎలక్ట్రిక్ పంపు కాసేపు నడుస్తుంది. బానెట్ కింద నుంచి ఆ శబ్దం వస్తే కంగారు పడకండి. అయినా ఆపే ముందు ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచితే పోయేదేం లేదు. పాత టర్బో అయితే తప్పనిసరి.

కొత్తదానికీ ఖర్చుంది

పోర్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ వాల్వుల మీద పడి వాటిని కడుగుతూ ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఆ కడుగుడు లేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పేరుకోవచ్చు. ఇంకో సమస్య, తక్కువ ఆర్పీఎంలో పై గేర్ వేసి గట్టిగా తొక్కితే స్పార్క్‌కి ముందే మంట పుట్టడం. పిస్టన్‌ని దెబ్బతీసే విషయమిది. దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏపీఐ ఎస్పీ గ్రేడ్ ఆయిల్ 2020లో వచ్చింది. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే వేయించండి. చౌకగా వస్తుందని ఏదో ఒక ఆయిల్ పోయిస్తే నష్టం మీదే.

మరి ఏది కొనాలి?

కొండలకి తరచూ వెళ్లేవాళ్లకి కొత్త టర్బోనే మేలు. కారణం పీఎస్ కాదు, టార్క్ త్వరగా రావడం, ఎత్తులోనూ నిలబడటం. స్పెక్ షీట్‌లో టార్క్ పక్కన ఉన్న ఆర్పీఎం చూడండి. అది 1500–1750 దగ్గర మొదలైతే ఘాట్‌లో హాయి.

సెకండ్ హ్యాండ్‌లో పాత టర్బో తక్కువ ధరకి కనిపిస్తే టెంప్ట్ అవ్వడం సహజం. నడపడానికి సరదాగానే ఉంటాయి. కానీ ఫియట్ బీఎస్6కి ముందే మన దగ్గర కార్ల అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో ఇక్కడి తయారీకి స్వస్తి పలుకుతున్నట్టు ప్రకటించింది. కొనే ముందు విడిభాగాలు దొరుకుతాయో లేదో కనుక్కోండి. ఆయిల్ మార్చిన రికార్డులు అడగండి. రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి ఒక్కసారి తొక్కితే నీలం పొగ వస్తోందేమో చూడండి. వస్తే టర్బో సీల్స్ పోయి ఉండొచ్చు. రీమ్యాప్ చేయించారా అన్నదీ అడగాల్సిందే.

టెస్ట్ డ్రైవ్ కూడా సిటీ రోడ్డు మీద సరిపెట్టుకోకండి. దగ్గర్లో ఉన్న ఏదైనా ఎక్కుడు రోడ్డు ఎంచుకోండి. రెండో గేర్‌లో 20 వేగం నుంచి లాగించి చూడండి, తర్వాత అదే రోడ్డు మీద బ్రేక్ తొక్కకుండా ఎంత నిదానంగా దిగుతుందో చూడండి. ఆ రెండు పరీక్షలకి ఐదు నిమిషాలు చాలు.