తలంబ్రాల దగ్గర పగిలే బొమ్మ

పెండ్లి వీడియోలో ఎడిటర్‌ను ఏడిపించే ఘట్టం తలంబ్రాలు. అప్పటిదాకా నిగనిగలాడిన బొమ్మ, పసుపు బియ్యం గాల్లోకి లేవగానే గళ్లుగళ్లుగా పగిలిపోతుంది. కింద ఎర్రటి అక్షరాలతో వేసిన వధూవరుల పేర్లూ అప్పుడే అలుక్కుపోతాయి. ముందు ఒత్తులు పోతాయి, తర్వాత గుళ్లు, దీర్ఘాలు. “టైంలైన్‌ల మంచిగనే ఉంటది సార్, రెండర్ కొట్టినంకనే ఖరాబైతంది. సాఫ్ట్‌వేర్ తప్పా, నా సిస్టం తప్పా?” అని భూపాలపల్లిలో ఒక స్టూడియో కుర్రవాడు అడిగాడు.

రెండింటి తప్పూ కాదు. టైంలైన్ మీద కనిపించే పేర్లు కంప్యూటర్ అప్పటికప్పుడు గీసినవి. రెండర్ కొట్టాక అవి కుదింపులో పడి నలుగుతాయి. ఎంత కుదింపో చూడండి. ఫ్రేముకు 1920 × 1080 పిక్సెళ్లు, ఒక్కోదానికి 3 బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు. అంటే సెకనుకు పదిహేనున్నర కోట్ల బైట్లు. 8 మెగాబిట్ల బిట్‌రేట్‌లో పట్టేవి 10 లక్షలు. 155 వంతుల సరుకును ఒక వంతు జాగాలో సర్దాలి.

ఇంత పని చేసే యంత్రం నిజానికి ఒక లెక్క. పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫాం, పొట్టిగా డీసీటీ. బెంగళూరులో పుట్టి కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటున్న నసీర్ అహ్మద్ 1972లో ఈ ఆలోచనతో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులడిగారు. ఇవ్వలేదు. మరీ తేలికగా ఉందని ఒక పరిశీలకుడు పెదవి విరిచారట! 1973 వేసవిలో జీతం రాకపోయినా అహ్మద్ అదే పట్టుకు కూర్చున్నారు. శిష్యుడు టి. నటరాజన్, ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉన్న మిత్రుడు కె. ఆర్. రావు తోడయ్యారు. ఈ రావుగారు కమిశెట్టి రామమోహనరావు, మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగ్ చదివినవారు. ముగ్గురి పేర్లతో వ్యాసం 1974 జనవరిలో అచ్చయింది.

అప్పటికే ఈ బరిలో కార్హూనెన్-లోయెవ్ పద్ధతి అనే మల్లుడున్నాడు. సిద్ధాంతం ప్రకారం అంతకు మించిన కుదింపు లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఏ బొమ్మకా బొమ్మకు దాన్ని విడగొట్టే అలలను కొత్తగా లెక్కగట్టాలి, అవేమిటో అవతలివాడికీ చెప్పాలి. డీసీటీ అలలు ఎప్పుడూ అవే. అయినా ఫలితం ఆ మల్లుడికి వెంట్రుకవాసి దూరంలోకి వచ్చింది.

ఎలా వచ్చిందో చూస్తే ముచ్చటేస్తుంది. బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా కోస్తారు. గడిలోని 64 సంఖ్యలను 64 రకాల అలల మొత్తంగా తిరగరాస్తారు. మొదటి సంఖ్య గడి సగటు వెలుగు, తర్వాతవి మెల్లగా లేచి పడే అలలు, చివరివి పిక్సెల్ పిక్సెల్‌కూ తిరగబడే చిరు అలలు. ఫూరియే లెక్కలోనూ అలలే కదా అంటారా? ఆ లెక్క ప్రతి ముక్క పక్కనా అదే ముక్క మళ్లీ వస్తుందనుకుంటుంది. పెండ్లికూతురి చెంప మీది గడి ఎడమవైపు నీడగా, కుడివైపు వెలుగుగా ఉందనుకోండి. అలాంటి ముక్కల్ని వరుసగా పేరిస్తే వెలుగును ఆనుకుని చటుక్కున నీడ వస్తుంది. చెంపలో లేని గోడ లెక్కలో లేస్తుంది, దాన్ని కట్టడానికి బోలెడు చిరు అలలు ఖర్చవుతాయి. కొసైన్ పక్క ముక్కను తిరగేసి పెడుతుంది. వెలుగు పక్కన వెలుగే, నీడ పక్కన నీడే. గోడ మాయం. నునుపైన గడికి నాలుగైదు సంఖ్యలతో పని అయిపోతుంది.

అసలు పొదుపు ఆ తర్వాత. గ్రాముల రాళ్లు పక్కన పడేసి వందగ్రాముల రాళ్లతోనే సరుకు తూచినట్టు, ప్రతి సంఖ్యనూ మోటుగా సవరిస్తారు. చిన్నవన్నీ సున్నాలవుతాయి. బిట్‌రేట్ తగ్గేకొద్దీ రాయి పెద్దదవుతుంది.

ఇదంతా పక్క పిక్సెల్ కూడా దాదాపు ఇలాగే ఉంటుందన్న నమ్మకం మీద నిలబడింది. 1974 వ్యాసంలో పరీక్షకు తీసుకున్న నమూనాలో ఆ పోలిక 0.9. కెమెరా తీసిన ముఖానికి, ఆకాశానికి అది సరిపోతుంది. అక్షరం అలా కాదు. ఒక పిక్సెల్ తెలుపు, పక్కది నలుపు, అంటే అది నిజమైన గోడే. దానికి చిరు అలలూ కావాలి. వాటిని సున్నా చేసేసరికి అక్షరం చుట్టూ మసక చారలు, ముసిరినట్టు చుక్కలు మిగులుతాయి.

ఎరుపుకు ఇంకో దెబ్బ. మన కంటికి వెలుగులో తేడా తెలిసినంత సన్నగా రంగులో తేడా తెలియదని, మామూలు వీడియో ఫైళ్లలో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు దాస్తారు. వెలుగు 1920 × 1080 అయితే రంగు 960 × 540 మాత్రమే. హెచ్‌డీ సూత్రంలో వెలుగుకు ఆకుపచ్చ ఇచ్చేది 72 శాతం, ఎరుపు ఇచ్చేది 21 శాతమే. మామిడాకుల పందిరి మీద వేసిన ఎర్ర పేరుకు, ఆకులకు వెలుగులో పెద్ద తేడా ఉండకపోవచ్చు. ఆకారమంతా రంగు మీదే ఆధారపడుతుంది, రంగేమో అడ్డంగానూ నిలువుగానూ సగానికి కోసేసినది. తెల్ల అక్షరానికి నల్ల అంచు కడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇక తలంబ్రాలు. వీడియో కుదింపులో పెద్ద లాభం పాత ఫ్రేము నుంచే వస్తుంది. ఈ ముక్క అక్కడినుంచి ఇక్కడికి జరిగిందని రాసుకుని ఊరుకుంటారు. గాల్లో తిరగబడుతున్న బియ్యపు గింజకు పాత ఫ్రేములో జోడీ దొరకదు. వందల గింజలు ఒక్కసారిగా బిట్లు తినేస్తాయి, పేర్ల వాటాలోనూ కోత పడుతుంది. కాళేశ్వరంలో ప్రాణహిత గోదావరిని కలిసేచోట తీసిన షాట్లకూ ఇదే తంటా, నీటి మీది తళుకు ప్రతి ఫ్రేములో కొత్తదే.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1992లో జేపెగ్, ఆపైన వీసీడీ, డీవీడీ, 2003లో హెచ్.264, ఇప్పుడు ఫోన్లు. అన్నిటి కడుపులోనూ ఆ కొసైనో, దాని పిల్లలో ఉన్నాయి. రావుగారు 2021 జనవరిలో కన్నుమూశారు.

కుర్రవాడికి చెప్పింది ఇంతే. బిట్‌రేట్ 8 నుంచి 20కి పెంచు. రెండు పాసుల వేరియబుల్ బిట్‌రేట్ పెడితే తలంబ్రాలకు ఎక్కువ, కూర్చున్న చుట్టాలకు తక్కువ పంచుతుంది. టైటిల్‌ను వీడియో కొలతలోనే చెయ్యి, చిన్నది చేసి సాగదీయకు. రెండర్ చేసిన ఫైల్‌ను తెచ్చి మళ్లీ రెండర్ చేయకు, ఒకసారి సున్నా అయిన సంఖ్య తిరిగి రాదు. పేర్లు తలంబ్రాల మీద కాకుండా అంతకుముందు షాట్‌లో వేస్తే మరీ మంచిది. “వాట్సాప్‌ల పంపితె?” అన్నాడు. వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు పోతుంది.