కళాశాల ఎంత దూరం? అపోహలు – వాస్తవాలు

ఇంటికి దగ్గరగా ఉన్న కళాశాలలో సీటు సులువుగా వస్తుందన్నది ఆంధ్రప్రదేశ్‌లో బలంగా పాతుకుపోయిన అపోహ. ప్రవేశాలకు ఆధారమైనవి కిలోమీటర్లు కావు, రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు గీసిన స్థానిక ప్రాంతాలు, అంటే కొన్ని జిల్లాలను ఒక్కో విశ్వవిద్యాలయం పేరిట కలిపిన విభాగాలు. రాష్ట్రస్థాయి సంస్థలను మినహాయిస్తే, 85 శాతం సీట్లు ఆయా ప్రాంతాల స్థానికులకే చెందుతాయి. ఉమ్మడి ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనూ, దాని పొరుగున ఉన్న నెల్లూరు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనూ చేరినందువల్ల, ఒంగోలులోనే చదువుకున్న విద్యార్థి తిరుపతిలో స్థానికేతరుడై, అంతకు దాదాపు రెట్టింపు దూరాన ఉన్న విశాఖపట్నంలో స్థానికుడవుతాడు. మిగిలిన 15 శాతాన్ని స్థానికేతరుల కోటాగా చెప్పుకోవడమూ పొరపాటే. అవి ఎవరికీ ప్రత్యేకించని సీట్లు కనుక స్థానికులు కూడా ర్యాంకును బట్టి వాటికి పోటీపడతారు.

సొంత రాష్ట్రమంటే తల్లిదండ్రుల ఇల్లున్న రాష్ట్రమన్న నమ్మకం ఇంతకంటే ఖరీదైనది. జాతీయ సాంకేతిక విద్యాసంస్థల్లో, అంటే ఎన్‌ఐటీల్లో, సగం సీట్లు సొంత రాష్ట్రపు అభ్యర్థులకు కేటాయిస్తారు. ఆ రాష్ట్రాన్ని నిర్ణయించేది పన్నెండో తరగతి లేదా ఇంటర్ ఉత్తీర్ణులైన చోటే తప్ప పుట్టిన ఊరు కాదు. విజయవాడ కుటుంబానికి చెందిన విద్యార్థి హైదరాబాద్‌లో ఇంటర్ పూర్తిచేస్తే, ఇంటికి చేరువలోని తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీకి పరరాష్ట్ర అభ్యర్థిగానూ, వరంగల్ ఎన్‌ఐటీకి సొంత రాష్ట్ర అభ్యర్థిగానూ లెక్కకు వస్తాడు. ఇంటర్ ఎక్కడ చదివించాలన్న చర్చ హాస్టల్ భోజనం దాకా సాగినా ఈ నిబంధన దాకా రావడం అరుదు. ఐఐటీల్లో ఇలాంటి రాష్ట్ర కోటా లేదు.

ఒకే నగరంలో ఉన్న కళాశాల దగ్గరిదేనన్న భావన హైదరాబాద్‌లో నిలవదు. కూకట్‌పల్లిలో ఉండి ఇబ్రహీంపట్నం వైపు కళాశాలకు వెళ్లే విద్యార్థికి రానుపోను మూడు గంటలు పడుతుందనుకుంటే, ఏడాదికి 180 పనిదినాల లెక్కన 540 గంటలు బస్సులోనే గడుస్తాయి. ఇంట్లో ఉంటే ఖర్చు తగ్గుతుందన్న వాదనలో నిజం లేకపోలేదు గాని, హాస్టల్ రుసుముతో పోల్చేటప్పుడు బస్సు రుసుముతోపాటు ఈ గంటలనూ, సాయంత్రపు ప్రయోగశాల తరగతి ముగిశాక ఇంటికి బస్సు దొరుకుతుందా లేదా అన్నదానినీ కలిపి చూడవలసి ఉంటుంది.