పిడి తిప్పితే పలికే పిట్టలు

నాలుగు పిట్టలు సన్నని తీగ మీద నిలబడి నోళ్లు తెరిచి కూస్తున్నాయి. ఆ తీగకు ఒక చివర చేత్తో తిప్పే పిడి ఉంది. తిప్పే మనిషి మాత్రం బొమ్మలో లేడు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన పాల్ క్లే 1922లో వేసిన ఈ నీటిరంగుల చిత్రం పేరు 'కిచకిచల యంత్రం'. ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. ఇలాంటి వింత బొమ్మ కనబడగానే పిట్ట అంటే స్వేచ్ఛ, యంత్రం అంటే బందిఖానా అని అర్థాలు పంచిపెట్టడం మనకు అలవాటు. ఇక్కడ ఆ పద్ధతి చాలదు. పిట్టల కాళ్లు ఎక్కడ ఆగి తీగ ఎక్కడ మొదలైందో ఎంత చూసినా తేలదు. ప్రాణికీ పరికరానికీ ఒకే రకం గీత వాడాడు క్లే. ఈ చిత్రంలోని ప్రతీక ఆ గీతలోనే ఉందని నా వాదన. గీసిన తీరు కూడా అందుకు తగ్గట్టే ఉంది. ముందు విడిగా బొమ్మ గీసుకుని, నల్ల నూనెరంగు పూసిన కాగితాన్ని దాని కింద పెట్టి, కార్బన్ కాపీ తీసినట్టు గీతల మీద మళ్లీ ఒత్తి కింది కాగితం మీదికి దించాడు. అంటే పిట్టలు, పిడి, తీగ అన్నీ నకలుగా పుట్టాయి. వెనక పరుచుకున్న నీలం, గులాబీ నీటిరంగులు మాత్రం గీతల హద్దులు పట్టించుకోకుండా కాగితం మీద పాకాయి.

నవ్వు పుట్టించే బొమ్మకు ఇంత బరువు ఎందుకని అడగవచ్చు. క్లేకు హాస్యం ఇష్టమే, ఈ పిట్టలు నవ్వు తెప్పిస్తాయి కూడా. కానీ వాటి నోళ్లలోంచి వచ్చే ఆకారాలు చూడండి, ఏ రెండూ ఒకేలా లేవు. అన్నీ ఒకటే కూత కూస్తే అది పిల్లల ఆటబొమ్మ అయ్యేది. నాలుగు వేర్వేరు గొంతులు ఒకే పిడికి కట్టుబడటమే ఇక్కడి బాధ. క్లే స్వయంగా వయొలిన్ వాయించేవాడు, పాట అతనికి చిన్న విషయం కాదు.

ఇంకో అభ్యంతరం బలమైనది. 1933లో నాజీలు క్లేను డ్యూసెల్‌డార్ఫ్ అకాడమీ ఉద్యోగంలోంచి తీసేశారు. తర్వాత ఈ చిత్రాన్నీ పతన కళ అని ముద్ర వేసి అమ్మేశారు. అందుకే కొందరు దీన్ని నియంతృత్వం గురించిన జోస్యంగా చదువుతారు. నేను ఒప్పుకోను. 1922లో క్లే వైమార్‌లోని బౌహౌస్ కళాశాలలో పాఠాలు చెబుతున్నాడు. చేతిపనికీ యంత్రానికీ పొత్తు ఎలా కుదరాలన్నది అప్పుడు అక్కడ నడుస్తున్న చర్చ. బొమ్మకు మూలం వెతకాలంటే అక్కడే వెతకాలి. పిడిని నాజీల చేతికి మాత్రమే ఇచ్చేస్తే, కళాకారుణ్ని తమ ఇష్టానికి పాడించుకునే డబ్బు, హోదా, మన మెప్పు కూడా తేలిగ్గా తప్పించుకుంటాయి.