మిల్లుల ముంబయి మాయమైన వైనం

ముంబయి మహానగరం వాణిజ్య రాజధానిగా, సినీ పరిశ్రమకు కేంద్రంగా నేటి తరానికి సుపరిచితం. అయితే ఒక శతాబ్దానికి పైగా ఈ నగరానికి కూడు పెట్టినది నూలు మిల్లులన్న వాస్తవం క్రమంగా మరుగున పడుతోంది. లాల్‌బాగ్, పరేల్, వర్లీ ప్రాంతాలతో కూడిన 'గిరణ్‌గావ్', అనగా మిల్లుల ఊరు, నేడు అద్దాల భవనాల వెనుక కనుమరుగైంది.

కావస్‌జీ నానాభాయ్ దావర్ అనే పార్సీ వర్తకుడు 1854లో తొలి నూలు మిల్లుకు శ్రీకారం చుట్టారు. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధం కారణంగా లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి అందక, బొంబాయి వర్తకుల పంట పండింది. ఆ లాభాలలో చాలా భాగం 1865 నాటి పతనంలో ఆవిరైపోయినా, మిల్లుల విస్తరణ ఆగలేదు. అనంతర దశాబ్దాలలో ఇక్కడి నూలు చైనాకు సైతం ఎగుమతి అయింది.

కొంకణ తీరం నుంచి, దక్కను కరవు ప్రాంతాల నుంచి జనం తరలివచ్చారు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు మగ్గాన్ని ఇంటి వద్ద విడిచి ఇక్కడ మరమగ్గాల ముందు నిలబడ్డారు. కుటుంబాలను స్వగ్రామాలలోనే ఉంచి వచ్చిన కార్మికులు ఒకే గదిలో పది మందికి పైగా తలదాచుకునేవారు. ఒక షిఫ్టు వారు పనికి వెళితే మరో షిఫ్టు వారు నిద్రించేవారు. నెలకింతని పుచ్చుకుని వారికి అన్నం వండిపెట్టిన స్త్రీల 'ఖానావళు'లు లేనిదే ఈ వ్యవస్థ ఒక్కరోజైనా నడిచేది కాదు. ఆర్థిక చరిత్రకారులు మిల్లు యజమానుల గురించి రాసినంతగా ఈ స్త్రీల గురించి రాయకపోవడం గమనార్హం.

నేడు సహజ హక్కుగా భావిస్తున్న వారాంతపు సెలవు సైతం పోరాడి సాధించుకున్నదే. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో జరిగిన ఆందోళన ఫలితంగా 1890లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు అంగీకరించారు. 1908లో లోకమాన్య తిలక్‌కు ఆరేళ్ల శిక్ష పడినప్పుడు, ఏడాదికొక రోజు చొప్పున ఆరు రోజుల పాటు కార్మికులు సమ్మె చేశారు.

1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ఈ చైతన్యానికి సంకెల వేసిందనే చెప్పాలి. యాజమాన్యంతో సంప్రదింపుల అధికారం గుర్తింపు పొందిన ఒకే ఒక సంఘానికి దఖలు పడింది. కార్మికుల విశ్వాసం ఎవరివైపు ఉన్నదన్న ప్రశ్న అప్రస్తుతమైంది. ఈ అసంతృప్తే 1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నేతృత్వంలో ఆరంభమైన చారిత్రక సమ్మెకు ప్రధాన కారణాలలో ఒకటి. సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్న ఆ సమ్మె అధికారికంగా ఎన్నడూ విరమించబడలేదు. అయితే లక్షకు పైగా కార్మికులు మాత్రం తిరిగి పనిలో చేరలేకపోయారు.

సమ్మె వల్లనే మిల్లులు మూతపడ్డాయన్న వాదన నేటికీ వినిపిస్తున్నది. ఇది అర్ధసత్యం మాత్రమే. కాలం చెల్లిన యంత్రాలను మార్చడానికి పలువురు యజమానులు అంతకు ముందే విముఖత చూపారు. సమ్మె కాలంలో భివండీ మరమగ్గాలపై తక్కువ కూలికి బట్ట నేయించి, దానిపై తమ ముద్ర వేసి అమ్ముకున్న మిల్లులూ ఉన్నాయి. బట్టకన్నా మిల్లు కింది నేల విలువైనదన్న సంగతి ఆ తరువాత మరింత స్పష్టపడింది.

1991 నాటి అభివృద్ధి నిబంధనల ప్రకారం మిల్లు స్థలాలను అభివృద్ధి చేసేటప్పుడు మూడింట ఒక వంతు నగరపాలక సంస్థకు, మరో వంతు గృహనిర్మాణానికి దక్కవలసి ఉంది. 2001లో జరిగిన సవరణతో ఈ పంపకం కేవలం ఖాళీ స్థలానికే పరిమితమైంది. భవనాలున్న స్థలమంతా లెక్కలోంచి తప్పుకున్నది. ఈ సవరణను 2006లో సుప్రీంకోర్టు సమర్థించింది. అంతకు ముందు ఏడాదే జాతీయ జౌళి సంస్థకు చెందిన ముంబయి టెక్స్‌టైల్ మిల్లు స్థలం, సుమారు 17 ఎకరాలు, 702 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది.

ఫీనిక్స్ మిల్లు విలాస వస్తువుల అంగడిగా మారింది. దాదర్‌లోని ఇండియా యునైటెడ్ మిల్లు స్థలం డాక్టర్ అంబేద్కర్ స్మారకానికి కేటాయించబడింది. మాజీ కార్మికులకు ఇళ్ల కోసం 2012లో భారీ లాటరీ నిర్వహించగా, వచ్చిన దరఖాస్తులతో పోల్చితే సిద్ధమైన ఇళ్లు స్వల్పం. దరఖాస్తుదారులలో మరణించిన కార్మికుల భార్యలు, పిల్లలు కూడా ఉన్నారు.